జీతం పడిన రాత్రి

విశాఖలో గాజువాక, కూర్మన్నపాలెం, పెదగంట్యాడ వైపు కాపురం ఉన్నవాళ్లకు జీతం రోజు ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. షిఫ్టు దిగి బస్సెక్కేలోపే జేబులో ఫోన్ మోగుతుంది. ఖాతాలో డబ్బు పడిందని బ్యాంకు మెసేజ్. ఒకప్పుడు ఆ డబ్బు కవర్లో చేతికొచ్చేది. ఇంటికొచ్చి దేవుడి గూట్లో కాసేపు కూర్చుని, ఆ తర్వాత పచారీ కొట్టుకూ పాలవాడికీ చీటీకీ వెళ్లేది. దారిలో పేకాట క్లబ్బు ఉంటే కవరు కాస్త పలచబడేది, నిజమే. కానీ పేకాటకు వెళ్లాలంటే మనిషి కాళ్లతో నడిచి వెళ్లాలి, నలుగురి మధ్య కూర్చోవాలి. "మీ ఆయన ఫలానా చోట కనిపించారమ్మా" అని ఎవరో ఒకరు ఇంటికి చేరవేసేవారు. ఇప్పుడు జీతం పడేదీ ఫోన్‌లోనే, పోయేదీ ఫోన్‌లోనే. పక్కన పడుకున్న భార్యకు తెలియకుండా, దుప్పటి చాటున వెలిగే తెర మీద, తెల్లారేసరికి నెలంతా అయిపోతుంది.

జూదం అనగానే ఎంత పోయిందని అడుగుతారు అందరూ. లక్షా? పది లక్షలా? అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది: ఎన్నాళ్లుగా దాస్తున్నాడు? పోయిన డబ్బు కనిపించకుండా ఉంచడానికి చెప్పిన అబద్ధాలు, వాటిని నిలబెట్టడానికి చేసిన అప్పులు, ఆ అప్పుల మీద ఇతరులతో పెట్టించిన సంతకాలు కలిసి ఒక మనిషి ఆటను వీధి మొత్తం నష్టంగా మార్చేస్తాయి. జూదం అదుపు తప్పిన ఒక్కో మనిషి చుట్టూ సగటున మరో ఆరుగురు దెబ్బతింటారని ఆస్ట్రేలియా పరిశోధకులు 2017లో లెక్క కట్టారు. భార్య, పిల్లలు, తల్లిదండ్రులు, తోబుట్టువులు, స్నేహితులు అందరూ అందులో ఉంటారు. ప్రపంచంలో దాదాపు 8 కోట్ల మంది పెద్దలు జూద రుగ్మతతో ఉన్నారని 2024 అక్టోబరులో లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన కమిషన్ అంచనా వేసింది. మన దేశం సంగతికొస్తే, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్లో 45 కోట్ల మంది ఏటా సుమారు 20,000 కోట్ల రూపాయలు పోగొట్టుకుంటున్నారని 2025 ఆగస్టులో పార్లమెంటు ముందుకు బిల్లు తెచ్చినప్పుడు కేంద్ర ప్రభుత్వ వర్గాలు చెప్పాయి.

జూదం మనకు కొత్త కాదు. ధర్మరాజు కథ తెలియని తెలుగు ఇల్లు లేదు. రాజ్యం, తమ్ముళ్లు, తాను, చివరికి ద్రౌపది. అక్కడిదాకా అందరికీ గుర్తుంటుంది. ఆ తర్వాత జరిగింది అంతగా గుర్తుండదు. ధృతరాష్ట్రుడు పోయినదంతా తిరిగి ఇచ్చేశాడు. పాండవులు ఇంద్రప్రస్థానికి బయలుదేరారు. మళ్లీ పిలుపు వచ్చింది, ధర్మరాజు మళ్లీ వెళ్లి కూర్చున్నాడు. అరణ్యవాసం తెచ్చింది ఆ రెండో ఆటే. అప్పు తీర్చేసినంత మాత్రాన మనిషి బయటపడడని ఇంత స్పష్టంగా చెప్పిన కథ మరోటి దొరకదు. ఈ సంగతి ముందుముందు అవసరమవుతుంది.

సంక్రాంతి మూడు రోజులూ కోస్తా జిల్లాల్లో కోడిపందేల బరుల పక్కన గుండాట పటాలు పరుస్తారు. దాని లెక్క ఒక్కసారి దగ్గరగా చూస్తే మిగతా ఆటలన్నీ అర్థమవుతాయి. ఆరు గళ్ల పటం, మూడు పాచికలతో ఆడుతున్నారనుకోండి. ఒక గడి మీద వంద పెట్టారు. ఆ అంకె ఒక పాచిక మీద పడితే వందకు వంద, రెండింటి మీద పడితే రెండు వందలు, మూడింటి మీదా పడితే మూడు వందలు. ఆరు గళ్లకు మూడు పాచికలు ఉన్నాయి కదా, సగానికి సగం మనదేనని ఎవరికైనా తోస్తుంది. కాగితం మీద వేసి చూస్తే వేరే సంగతి బయటపడుతుంది. మూడు పాచికలు పడే తీరులు మొత్తం 216. అందులో 125 తీరుల్లో మన అంకె జాడే ఉండదు. 75 తీరుల్లో ఒకసారి, 15 తీరుల్లో రెండుసార్లు, ఒకే ఒక్క తీరులో మూడుసార్లు పడుతుంది. వంద చొప్పున 216 ఆటలు ఆడితే సగటున 12,500 పోయి 10,800 వస్తాయి. తేడా 1,700. అది పటం వాడిది. అతను మోసం చేయనక్కర్లేదు, పాచికల్లో సీసం పోయనక్కర్లేదు. ఆట కట్టిన తీరులోనే అతని కూలి ఉంది.

డబ్బా ఊపి, బోర్లించి, ఓడినవాళ్ల డబ్బు లాగి, గెలిచినవాళ్లకు పంచేసరికి నిమిషమైనా పడుతుంది. ఆ లెక్కన 216 ఆటలకు మూడున్నర గంటల పైమాటే. ఈలోపు ఆకలేస్తుంది, కాళ్లు లాగుతాయి, పండగ అయిపోతుంది. ఫోన్‌లో పది సెకన్లకో ఆట నడిస్తే అదే 216 ఆటలు 36 నిమిషాల్లో ముగుస్తాయి. ఆకలి తెలియదు, పొద్దు తెలియదు, పండగ ఎప్పటికీ అవ్వదు. గాల్లోకి లేచే విమానం ఎప్పుడు మాయమవుతుందో ఊహించే ఆట, ఎరుపా ఆకుపచ్చా అని రంగు చెప్పే ఆట, తీన్ పత్తీ, క్రికెట్‌లో వచ్చే బంతికి ఏం జరుగుతుందన్న పందెం, ఇవన్నీ గుండాట పిల్లలే. మారింది వేగం.

ఆ వేగం మెదడును ఎలా పట్టుకుంటుందో శాస్త్రవేత్తలకు చాలాకాలంగా తెలుసు. ఎప్పుడు వస్తుందో తెలియని బహుమతి కోసం జంతువులు అలుపు లేకుండా మీట నొక్కుతూనే ఉంటాయని అమెరికా మనస్తత్వవేత్త స్కిన్నర్ ప్రయోగాలు చూపించాయి. నొక్కిన ప్రతిసారీ వస్తే విసుగొస్తుంది, ఎప్పటికీ రాకపోతే మానేస్తాయి. అప్పుడప్పుడూ వస్తేనే వదలవు. అంతకంటే చిత్రమైన సంగతి 2009లో కేంబ్రిడ్జి పరిశోధనలో తేలింది. కొద్దిలో తప్పిపోయిన ఓటమికి మెదడులో గెలుపుకు కదిలే భాగాలే కదులుతాయి. "అబ్బ, ఒక్క ముక్క తేడాలో పోయింది" అన్నప్పుడు మనిషి ఓడిపోయాడు, జేబు ఖాళీ అయింది. లోపలి యంత్రం మాత్రం దగ్గరికొచ్చేశావు, ఇంకోటి ఆడు అంటోంది.

ఇక లెక్క తప్పే తీరు ఇంకోటి ఉంది. 1913 ఆగస్టు 18న మోంటే కార్లో క్యాసినోలో రూలెట్ బంతి వరసగా 26 సార్లు నలుపు మీదే పడింది. ఇన్నిసార్లు నలుపు వచ్చింది కాబట్టి ఇప్పుడు ఎరుపు రాక తప్పదని జనం పోటీలు పడి ఎరుపు మీద కుమ్మరించి పోగొట్టుకున్నారు. బంతికి గతం గుర్తుండదు. విశాఖలో అర్ధరాత్రి ఫోన్ పట్టుకుని "ఆరుసార్లు ఆకుపచ్చే వచ్చింది, ఇక ఎరుపు ఖాయం" అనుకునే కుర్రాడు ఆ మోంటే కార్లో జనం మధ్యే నిలబడి ఉన్నాడు.

జూదం వ్యసనానికి ఆసుపత్రిలో చేర్చి చికిత్స చేయడం 1972లో ఓహాయోలో మొదలుపెట్టిన అమెరికన్ వైద్యుడు రాబర్ట్ కస్టర్ దీన్ని మూడు దశలుగా చూశాడు. మొదట గెలుపు దశ. తర్వాత ఓటమి దశ. చివర తెగింపు దశ. ఎక్కువ మందికి మొదట్లో కాస్త డబ్బు రావడం పెద్ద ఎర. చాలా యాప్‌లలో చేరగానే బోనస్ వేస్తారు, మొదట గెలిచిన ఐదొందలు వెంటనే ఖాతాలో పడిపోతాయి. నమ్మకం కుదిరిపోతుంది. పెద్ద మొత్తం గెలిచి వెనక్కి తీసుకోబోతేనే, ఇంకొంత కట్టాలనీ పరిశీలనలో ఉందనీ సాకులు మొదలవుతాయి.

రెండో దశకు తెలుగులో ఒక వాక్యం ఉంది. జూదంలో కూరుకుపోయిన ప్రతి ఒక్కరి నోటా అదే మాట వినిపిస్తుంది: "పోయింది రాబట్టేసి మానేస్తాను." ఈ మాట అనేటప్పుడు అతను అబద్ధం చెప్పడం లేదు. మనస్ఫూర్తిగానే అంటాడు. ఇంతకాలం డబ్బు కోసం ఆడినవాడు ఇప్పుడు పరువు కోసం ఆడుతున్నాడు. తప్పు ఎవరికీ తెలియకముందే చెరిపేయాలని ఆడుతున్నాడు. అందుకే ఈ దశలో ఇంటివాళ్లు పెట్టే శాపనార్థాలు అతన్ని ఆటకు దూరం చేయవు, ఇంకా లోపలికి నెడతాయి. సిగ్గు పెరిగిన కొద్దీ రాబట్టాల్సిన తొందర పెరుగుతుంది.

ఇది జబ్బేనా, బుద్ధి లేకపోవడమా అన్న వాదన వైద్యలోకంలో తీరిపోయింది. 2013లో అమెరికా మనోవైద్యులు తమ రోగనిర్ధారణ గ్రంథంలో జూద రుగ్మతను మద్యం, మత్తుమందుల వ్యసనాల పక్కనే చేర్చారు. 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితాలో కూడా ఇది ఉంది, ఆన్‌లైన్ జూదంతో సహా. బుద్ధికీ దీనికీ ఉన్న దూరం తెలియాలంటే ఒక్క ఉదాహరణ చాలు. పార్కిన్సన్ వ్యాధికి ఇచ్చే ప్రామిపెక్సోల్, రోపినిరోల్ మందులు కొందరిలో అంతకుముందెన్నడూ లేని జూదపు కోరికను పుట్టిస్తాయి. జీవితమంతా ముక్క ముట్టని పెద్దాయన రిటైరయ్యాక పందేలు కట్టడం మొదలుపెడితే, మందు మార్చాక ఆ కోరిక తగ్గిపోయిన సందర్భాలు వైద్య పత్రికల్లో చాలా ఉన్నాయి. ఇంట్లో పార్కిన్సన్ రోగి ఉన్నవాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకుని డాక్టరుతో మాట్లాడాలి. మందు మాత్రం సొంతంగా ఆపకూడదు.

విశాఖ నెల జీతాల ఊరు. రేవు 1933లో తెరుచుకుంది. ఉక్కు కర్మాగారానికి 1971లో శంకుస్థాపన జరిగింది. షిప్‌యార్డు, రిఫైనరీ, నేవీ, పరవాడ ఫార్మా కంపెనీలు, అచ్యుతాపురం సెజ్ వేర్వేరు కాలాల్లో వచ్చాయి. ఇంతమందికి నెలనెలా ఖచ్చితమైన తారీఖున డబ్బు వచ్చే ఊళ్లు ఆంధ్రలో తక్కువ. జీతం చీటీ ఉన్నవాడికి అప్పు పుట్టడం తేలిక. బ్యాంకు ఇస్తుంది, ఉద్యోగుల సొసైటీ ఇస్తుంది, క్రెడిట్ కార్డు ఇస్తుంది, బంగారం తాకట్టు కొట్టు ఇస్తుంది, ఎవరూ ఇవ్వకపోతే ఫోన్‌లో లోన్ యాప్ ఇస్తుంది. పల్లెలో అప్పు పుట్టక ఆగిపోయే జూదగాడు ఇక్కడ మూడేళ్లు, నాలుగేళ్లు ఆగకుండా వెళ్లిపోగలడు. బయటపడేసరికి లోతు చాలా ఉంటుంది.

ఈ లోతు ఎలా పెరుగుతుందో చూడటానికి ఒక ఇల్లు ఊహించుకుందాం. పాతగాజువాకలో రెండు గదుల వాటా. అతనికి ముప్పై నాలుగేళ్లు, ప్లాంటులో ఉద్యోగం, బడికెళ్లే ఇద్దరు పిల్లలు. మొదట పోయింది జీతంలో మిగులు. తర్వాత క్రెడిట్ కార్డు. తర్వాత ఆమె గాజులు, "పాలిష్ పెట్టించడానికి ఇచ్చాను" అన్న మాటతో. తర్వాత నాన్నకు ఆపరేషన్ అని పీఎఫ్ అడ్వాన్సు. ఒక రోజు టీ బ్రేక్‌లో తోటి కార్మికుడి దగ్గరికొచ్చి అంటాడు: "ఒక్క సంతకం పెట్టు గురూ, సొసైటీలో లోన్ పెట్టాను. రెండు నెలల్లో క్లియర్ చేసేస్తాను." పదేళ్లుగా ఒకే షిఫ్టు, ఒకే బస్సు, ఒకే టిఫిన్ క్యారేజీ పంచుకున్న మనిషి. కాదనడానికి నోరు రాదు. గురువు సంతకం పెట్టేస్తాడు, ఫారం చదవకుండానే.

ఆ సంతకం విలువ ఎంతో 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ చెబుతుంది. వేరే ఒప్పందం లేకపోతే హామీదారు బాధ్యత అసలు అప్పుదారు బాధ్యతతో సమానం. అతను కట్టకపోతే వసూలు ఇతని జీతం దాకా రావచ్చు. అప్పుడు కూతురి ఇంజనీరింగ్ ఫీజుకు తడుముకునేది ఎన్నడూ పందెం కట్టని ఇల్లు. జూదం నష్టం గోడ దాటి పక్కింట్లోకి నడిచేది ఈ దారినే. మెప్మా మహిళా పొదుపు సంఘాల్లో అయితే ఇంకా తొందరగా నడుస్తుంది. పదిమంది ఆడవాళ్లు కలిసి తీసుకున్న రుణంలో ఒక ఇంటి వాటా నిలిచిపోతే మిగతావాళ్లే సర్దుకోవాల్సి వస్తుంది. వాళ్లలో ఎవరికీ ఆ యాప్ పేరు కూడా తెలిసి ఉండదు.

అదే కాంట్రాక్టు చట్టంలో 30వ సెక్షన్ ఇంకో సంగతి చెబుతుంది, దాన్ని ప్రతి ఇల్లూ తెలుసుకోవాలి. పందెం ఒప్పందం చెల్లదు. బుకీకి బాకీ పడ్డానని వణికిపోయేవాడి మీద ఆ బుకీ కోర్టుకెళ్లి వసూలు చేసుకోలేడు. బెదిరిస్తే అది పోలీసులకు చెప్పాల్సిన నేరం. పందెం కోసం బ్యాంకులోనో సొసైటీలోనో తీసుకున్న అప్పు మాత్రం అప్పే. ఇంటివాళ్లు భయంతో ముందు బుకీకి కట్టి, బ్యాంకు కంతులు ఆపేసి, హామీదారును ముంచేస్తుంటారు. వరస తిరగబడాలి.

క్రికెట్ మాట చెప్పకుండా విశాఖలో జూదం కథ పూర్తికాదు. 2005 ఏప్రిల్ 5న ఈ ఊళ్లోనే ధోనీ పాకిస్తాన్ మీద 148 కొట్టాడు. ఆ రోజు స్టేడియంలో ఉన్నవాళ్లు ఇప్పటికీ మనవలకు చెప్పుకుంటారు. పోతినమల్లయ్యపాలెం స్టేడియంలో ఐపీఎల్ మ్యాచ్ ఉందంటే మధురవాడ దాకా రోడ్లు నిండిపోతాయి. ఆ ఇష్టం మీదే బెట్టింగ్ బతుకుతుంది. ఆట తెలిసినవాడికి పందెం కూడా తెలుసన్న భ్రమ చాలా బలమైనది. పిచ్ చదవడం వచ్చు, బౌలర్ల ఫామ్ తెలుసు, కాబట్టి గెలుస్తానన్న ధీమా. కానీ ధర నిర్ణయించే బుకీకి కూడా అవన్నీ తెలుసు, ఆ ధరలోనే అతని వాటా కలిపేసుకుంటాడు.

ఇంకో విషయం పంచాంగం తిప్పితే కనిపిస్తుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు వరసగా కట్టేసి ఉంటాయి. వలలు బాగుచేసుకోవడం తప్ప కుర్రాళ్లకు పని ఉండదు. ఆ రోజుల్లోనే ఐపీఎల్ నడుస్తుంది. ఆ రోజుల్లోనే ప్రభుత్వం ఇచ్చే వేట నిషేధ భృతి ఖాతాలో పడుతుంది. 2025లో దాన్ని 10,000 నుంచి 20,000కు పెంచారు. పని లేని పగలు, చేతిలో ఫోన్, ఖాతాలో ఒక్కసారిగా డబ్బు, ప్రతి సాయంత్రం మ్యాచ్. నివారణ గురించి ఆలోచించేవారెవరైనా జాలారిపేటలో ఏప్రిల్ మొదటి వారంలోనే మాట్లాడటం మొదలుపెట్టాలి. జూన్‌లో చేసే అవగాహన సదస్సుతో పోయిన భృతి తిరిగి రాదు.

కళ్లకు కనిపించే జూదం మీద ఈ ఊరు గట్టిగానే మాట్లాడింది. 2022 జూన్‌లో విశాఖ రేవు నుంచి ఎంప్రెస్ అనే విహార నౌక బయలుదేరినప్పుడు అందులో క్యాసినో ఉందని పెద్ద చర్చే నడిచింది. పుదుచ్చేరి అయితే ఆ కారణంగా నౌకను తన తీరానికి రానివ్వలేదు. వేల రూపాయల టికెట్టు కొని నౌక ఎక్కేవాళ్లు కొద్దిమందే. అదే సమయంలో ఊళ్లో ప్రతి జేబులోనూ ఒక క్యాసినో ఉంది, దానికి టికెట్టు లేదు. దాని గురించి ఊళ్లో అంత చర్చ రావడానికి దాదాపు మూడేళ్లు పట్టింది. 2025 ఫిబ్రవరిలో బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారన్న ఆరోపణ మీద విశాఖ పోలీసులు ఇక్కడి పేరున్న యూట్యూబర్ ఒకరిని అరెస్టు చేశారు. మరుసటి నెల హైదరాబాద్‌లో సినిమా నటుల మీద, సోషల్ మీడియా ప్రముఖుల మీద కేసులు నమోదయ్యాయి. "నేను పొద్దున్న వెయ్యి పెట్టాను, సాయంత్రానికి పదివేలు వచ్చాయి" అన్నది కంపెనీ డబ్బిచ్చి చెప్పించిన మాట కావచ్చని చాలా ఇళ్లలో అప్పుడే తెలిసింది.

చట్టం కథ పొడవైనది, అందులో తెలుగు నేలకు పెద్ద భాగం ఉంది. సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బు మీద పెట్టిన కేసులో, రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆటేనని సుప్రీంకోర్టు 1967 నవంబరులో తీర్పు చెప్పింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, సత్యనారాయణ మధ్య నడిచిన ఆ కేసు తర్వాత దేశమంతటా రమ్మీ కంపెనీలకు కవచమైంది. 1974లో ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం వచ్చింది. అది ముక్కలు చేత్తో పంచే కాలం చట్టం. 2017లో తెలంగాణ, 2020 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ ఆన్‌లైన్ జూదాన్ని కూడా నిషేధంలోకి తెచ్చాయి. 132 వెబ్‌సైట్లు, యాప్‌లను ఆపించమని అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి కేంద్రానికి లేఖ రాశారు. ఒక రాష్ట్రం గోడ కడితే ఇంటర్నెట్ ఆగదు కాబట్టి అది సగం పనే అయింది. చివరికి 2025 ఆగస్టు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ కేంద్రం తెచ్చిన బిల్లును ఆమోదించాయి, 22న రాష్ట్రపతి సంతకం పడింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు నైపుణ్యమైనా అదృష్టమైనా నిషేధం. నడిపితే మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రచారం చేస్తే రెండేళ్లు, 50 లక్షలు. ఆడినవాళ్లకు ఈ చట్టంలో శిక్ష లేదు. పేరున్న దేశీయ కంపెనీలు రోజుల వ్యవధిలో డబ్బు ఆటలు ఆపేశాయి.

అందుబాటు తగ్గితే నష్టం తగ్గుతుందన్నదానికి నార్వే ఉదాహరణ ఉంది. అక్కడ 2007 జూలైలో జూదపు యంత్రాలన్నీ తీసేశాక ఆడేవాళ్ల సంఖ్య, సాయం కోరి వచ్చే ఫోన్లు తగ్గాయని తర్వాతి అధ్యయనాలు చెప్పాయి. అయితే యంత్రాన్ని లారీలో ఎత్తుకెళ్లవచ్చు. విదేశాల్లో కూర్చున్న యాప్ ఒక లింకు మూస్తే ఇంకో లింకుతో, టెలిగ్రామ్ గ్రూపులో దిగుతుంది. ఆ యాప్‌ల డబ్బు చేతులు మారడానికి ఇక్కడివాళ్ల బ్యాంకు ఖాతాలు కావాలి. నెలకు కొంత ఇస్తామని చెప్పి డిగ్రీ కుర్రాళ్ల ఖాతాలు, సిమ్ కార్డులు అద్దెకు తీసుకుంటారు. ఖాతా ఎవరి పేరున ఉంటే కేసు మొదట వాళ్ల గుమ్మంలోకే వస్తుంది. కాలేజీల్లో చెప్పాల్సిన మొదటి పాఠం ఇదే.

కేంద్ర చట్టం ఆడినవాడిని శిక్షించకపోయినా, రాష్ట్ర చట్టంలో ఆడినవాడికి కూడా జైలు ఉంది. ఈ తేడా వల్ల ఒక పెద్ద చిక్కు. సాయం అడిగితే కేసవుతుందేమోనన్న భయంతో చాలామంది నోరు విప్పరు. వైద్యుడి దగ్గర చెప్పిన మాట గోప్యంగా ఉంటుందనీ, మానసిక ఆరోగ్య చట్టం ఆ హక్కు ఇచ్చిందనీ వాళ్లకు చెప్పే పని వార్డు సచివాలయం నుంచి కార్మిక సంఘం దాకా అందరూ తలకెత్తుకోవాలి.

గుర్తుపట్టడానికి పెద్ద పరీక్షలు అక్కర్లేదు. 1997లో అమెరికా పరిశోధకులు రెండే ప్రశ్నలతో ఒక జల్లెడ తయారుచేశారు. పందెం డబ్బు ఇంకా ఇంకా పెంచాలని ఎప్పుడైనా అనిపించిందా? ఎంత ఆడుతున్నారో దగ్గరివాళ్ల దగ్గర ఎప్పుడైనా అబద్ధం చెప్పాల్సి వచ్చిందా? ఒక్కదానికి అవునన్నా వైద్యుడితో మాట్లాడటం మంచిది. ఇంటివాళ్లకు కనిపించే గుర్తులు వేరుగా ఉంటాయి. జీతం పడిన మూడో రోజుకే చిల్లర అడగడం, ఫోన్ బోర్లించి పెట్టడం, బాత్రూములో గంటసేపు ఉండటం, తెలియని నంబర్లు మోగితే బయటికెళ్లి మాట్లాడటం, సంబంధం లేని మ్యాచ్ ఓడినా ఇంటి మీద విరుచుకుపడటం.

తెలిసిన రోజు ఇంట్లో ఏం చేస్తారన్నది చాలా ముఖ్యం. పరువు పోతుందని అత్తవారు పొలం అమ్మి మొత్తం అప్పు ఒక్కసారే తీర్చేస్తారు, దేవుడి ముందు ఒట్టు వేయిస్తారు, ఇక ఆ మాట ఎత్తకూడదంటారు. ధృతరాష్ట్రుడు చేసిందీ అదే. చికిత్స లేకుండా అప్పు మాయమైతే అతని ముందు ఖాళీ పటం పరిచినట్టే. అనుభవమున్న వైద్యులు వేరే వరస చెబుతారు. ముందు మొత్తం అప్పుల జాబితా కాగితం మీద పెట్టించాలి, హామీదారుల పేర్లతో సహా. మొదటిసారి చెప్పిన అంకె నిజం కాకపోవచ్చు, రెండోసారి, మూడోసారి అడగాలి. జీతం వచ్చే ఖాతా కొంతకాలం భార్యో తల్లో చూసుకోవాలి, రోజు ఖర్చుకు మాత్రమే అతని చేతికివ్వాలి. యూపీఐ పరిమితి బ్యాంకుకు చెప్పి తగ్గించుకోవాలి. అప్పు అతని సంపాదనలోంచే నెలనెలా తీరాలి. ఆలోచనా ధోరణిని సరిచేసే మానసిక చికిత్స దీనికి బాగా పనిచేస్తుంది. కోరికను తగ్గించడానికి నాల్ట్రెక్సోన్ వంటి మందులు కూడా కొందరికి వైద్యులు ఇస్తారు. దిగులు, మద్యం తోడుగా ఉంటే వాటికీ చికిత్స జరగాలి.

చచ్చిపోవాలనిపిస్తోందని అతను అన్నా, అనకపోయినా, అప్పులు బయటపడిన ఆ నాలుగైదు రోజులు ఒంటరిగా వదలకూడదు. "పోనీలే, డబ్బే కదా" అన్న ఒక్క మాట ఆ రాత్రి ఇంట్లో ఎవరో ఒకరు అనాలి.

సాయం దగ్గర్లోనే ఉంది. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. విశాఖలో ఆ పేటపేరు చెప్పి ఎగతాళి చేయడం తరాలుగా అలవాటైపోయింది, ఎందరో గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరగడానికి ఆ ఎగతాళే కారణం. అక్కడికి వెళ్లలేనివారికి 14416 ఉంది. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు అది. ఇరవైనాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు, పేరు చెప్పమని పట్టుబట్టరు. ఆడే మనిషే చేయాలని లేదు. భార్య చేయవచ్చు, తల్లి చేయవచ్చు, హామీ సంతకం పెట్టిన గురువు కూడా చేయవచ్చు. యాప్ మోసం చేసి డబ్బు లాగేస్తే సైబర్ నేరాల నంబరు 1930కి వెంటనే ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు ఏదో ఒక ఖాతాలో ఆగిపోయే అవకాశం అంత ఎక్కువ.

కార్మిక సంఘాలకు, ఉద్యోగుల సొసైటీలకు మాత్రం ఒక పని మిగిలే ఉంది. హామీ ఫారం మీద సంతకం పెట్టేవాడికి అప్పుదారు పేరున ఇంకా ఎన్ని అప్పులున్నాయో, అతని అనుమతితోనే, చూపించే పద్ధతి పెట్టవచ్చు. ఏడాదిలో మూడోసారి అప్పుకు వచ్చిన సభ్యుడిని కూర్చోబెట్టి, తలుపు వేసి, "ఇంట్లో అంతా బాగానే ఉందా తమ్ముడూ?" అని అడగవచ్చు. ప్లాంటులో కాలికి దెబ్బ తగిలితే ఎవరిని పిలవాలో ప్రతి డిపార్టుమెంటు గోడ మీదా రాసి ఉంటుంది. ఆ పక్కన ఇంకో అంకె పట్టేంత చోటు ఉంది.

మళ్లీ ఆ పాతగాజువాక వాటాలోకి వెళ్దాం. ఒకటో తారీఖు రాత్రి పదకొండు. పిల్లలు నిద్రపోయారు. ఆమె వంటింట్లో గిన్నెలు సర్దేసి వచ్చి, పెద్దవాడి పాత లెక్కల నోట్‌బుక్కు తెరిచి, అతని ముందు పెట్టింది. "గాజుల సంగతి నాకు తెలుసండీ. ఇంకేం ఉన్నాయో రాయండి." అతను చాలాసేపు పెన్ను తిప్పుతూ కూర్చున్నాడు. మొదటి వరసలో రాసింది బ్యాంకు పేరు కాదు, షిఫ్టులో సంతకం పెట్టిన గురువు పేరు. రెండో వరసకు వచ్చేసరికి చెయ్యి వణికింది. ఆమె ఫోన్ తీసి 14416 నొక్కింది, స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచింది. అవతల మోగుతోంది.